రాని జ్వరానికి సొంతదారు

ఆ ఏడు తొలకరి నుంచి జిల్లా పెద్దాసుపత్రిలో, అప్పుడే పుట్టిన పిల్లల మడమకు సూది గుచ్చి తీసిన రక్తపు బొట్టులోంచి చింతగింజంత మనుషులు లేచి నిలబడి, ఆ బిడ్డకు రాబోయే జబ్బు గురించి చెప్పడం మొదలుపెట్టారు. మొదటిసారి చూసినప్పుడు పిల్లల వార్డు నర్సు సువార్త గాజుపలకను చేతిలోంచి జారవిడిచింది. ఆ తర్వాత జారవిడవలేదు. పగిలిన పలకకు సంజాయిషీ రాయాలి, లేచి నిలబడ్డ మనిషికి అక్కర్లేదు.

డాక్టర్లు వాళ్ళకు మార్కర్లని పేరు పెట్టారు. ఆయాలు రగతపోళ్ళు అన్నారు. పైనుంచి వచ్చిన ఉత్తర్వులో వాళ్ళు "రక్తము తరఫు మనుషులు" అయ్యారు. వారికి జీతం ఉండదనీ, వారిని పర్మినెంటు చేసే ఆలోచన ప్రభుత్వానికి లేదనీ, సెలైను చుక్కలు తాగడానికి మాత్రం అనుమతించడమైనదనీ అందులో ఉంది. పలక మీద ఉమ్మరాదని కూడా ఉంది. అది అన్ని ఉత్తర్వుల్లోనూ ఉంటుంది.

ఒక్కో బిడ్డ రక్తంలోనూ ముగ్గురుండేవారు. ముగ్గురూ కలిసి వచ్చేవారు కాదు.

మొదటివాణ్ణి ముందుమనిషి అన్నారు. బక్కగా, చెప్పులైనా లేకుండా, రొప్పుకుంటూ వచ్చేవాడు. బిడ్డ ఒంట్లో క్రిమి కాలు పెట్టిందో లేదో వీడు బయల్దేరేవాడు. అప్పటికి బిడ్డ ఎర్రగా బుర్రగా ఉండి, కడుపు నిండా పాలు తాగి, నిద్రలో నవ్వుతూ ఉండేది. వీడు వచ్చి, "వస్తన్నాది" అని చెప్పి, కాసేపు నిలబడి, ఎవరూ పలకకపోతే మళ్ళీ రక్తంలోకి ఇంకిపోయేవాడు. రెండోసారి సూది గుచ్చితే ఉండేవాడు కాదు. చెప్పినవాడు కనబడకపోతే చెప్పిన మాట పుకారు అవుతుంది గనక, వాడి మాటలన్నీ పుకార్ల కింద జమ అయ్యేవి.

రెండోవాడు మధ్యమనిషి. తెలివైనవాడే గానీ, పుట్టడాన్నే పెద్ద ప్రమాదంగా భావించేవాడు. పుట్టిన కొత్తలో ఏ బిడ్డ రక్తం తీసినా లేచి గుండెలు బాదుకునేవాడు. బిడ్డ పుట్టిన కంగారు తగ్గాక, ఆ తర్వాత కూడా వాడు అరుస్తుంటే నమ్మాలని డాక్టర్ సుభాషిణి పదేపదే చెప్పేది. కానీ అంతకుముందు అరుపులన్నీ విన్న వార్డువాళ్ళకు వాడు గోడ గడియారంలా అలవాటైపోయాడు.

మూడోవాడు వెనకమనిషి. ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, అంటే చింతగింజల్లో. బిడ్డ పాలు మానేసి, ఒళ్ళు చల్లబడి, ఏడవడానికి ఓపిక లేక మూలుగుతున్న సమయానికి తాపీగా వచ్చి, గొంతు సవరించుకుని, "ఈ బిడ్డకు జబ్బు ఉన్నది" అని ప్రకటించేవాడు. ఆ సంగతి అప్పటికే గేటు బయట వేరుశనక్కాయలమ్మే మనిషికి కూడా తెలుసు. అయినా వాడి మాట సాధారణంగా తప్పేది కాదు, వచ్చినవాడు అంత తొందరగా వెళ్ళేవాడూ కాదు. అందుచేత ఆసుపత్రిలో వాడికున్న మర్యాద ఇంకెవరికీ లేదు. సూపరింటెండెంటు పట్నాయక్ గారు అగ్గిపెట్టె తిరగేసి వాడికి ఆసనం వేయించారు. ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక గాజుగుడ్డ ముక్క కప్పి సన్మానించారు కూడా. వాడు సన్మానానికి కూడా ఆలస్యంగానే వచ్చాడు.

మొదట్లో సుభాషిణి ముందుమనిషి మాట మీదే సూదిమందు వేసేసేది. ఆ పిల్లలు జబ్బు పడలేదు. దాంతో చిక్కు వచ్చింది. తనిఖీకి వచ్చినవాళ్ళు జబ్బు పడని పిల్లలకు మందెందుకు వాడారని అడిగారు.

"మందు వేశాం కాబట్టి పడలేదు" అంది సుభాషిణి.

"పడలేదని మీరే ఒప్పుకుంటున్నారు" అని వాళ్ళు మర్యాదగా రాసుకుని, టీ తాగి వెళ్ళారు.

ఆ తర్వాత కొత్త ఉత్తర్వు వచ్చింది. వెనకమనిషి మాట మీద మందు ఎప్పుడైనా ఇవ్వవచ్చు. ముందుమనిషి మాట మీద ఇవ్వాలంటే మాత్రం, ఆ మాటను బిడ్డ తాలూకు సొంతదారు తన మాటగా చేసుకోవాలి. సాక్షుల ఎదుట నిలబడి, "నా బిడ్డకు జబ్బు ఉన్నది" అని తన నోటితో అనాలి. డాక్టరు అంటే చెల్లదు, డాక్టరుది అభిప్రాయం. ఫోనులో అంటే చెల్లదు, ఫోనులో వచ్చేది నోరు కాదు.

ఈ ఉత్తర్వు వల్ల మందుల వాడకం బాగా తగ్గింది. పక్కలో పడుకుని పాలు తాగుతున్న పసిగుడ్డును చూస్తూ ఆ మాట అనగలిగిన మనిషి జిల్లాలో ఒక్కరూ లేరు. పురిటి గదిలో జబ్బు పేరు ఎత్తితే జబ్బు తన్ను పిలిచారనుకుంటుందని అక్కడ అందరికీ తెలుసు. తుమ్మినా "సిరంజీవ" అని కప్పిపుచ్చే చోట అది. మందులు మిగిల్చినందుకు ఆసుపత్రికి మెచ్చుకోలు వచ్చింది. దాన్ని కాగితం మీద రాయించి, అద్దం కట్టించి వెనకమనిషి ఆసనం పైన గోడకు తగిలించారు.

ఈశ్వరికి ఆడపిల్ల పుట్టింది వినాయక చవితి వెళ్ళాక. ఉమ్మనీరు పోయిన చాలాసేపటికి గానీ కాన్పు కాలేదు. అందుకని సుభాషిణి వెంటనే బిడ్డ మడమకు సూది గుచ్చింది. ఈశ్వరి మొగుడు సింహాద్రి గుజరాత్ వైపు వెరావల్ పడవల మీద చేపల వేటకు పోయి ఉన్నాడు. పడవ నడిసముద్రంలో ఉంది. ఈశ్వరి పక్కన ఉన్నది తల్లి అప్పలనరసమ్మ ఒక్కతే.

అప్పలనరసమ్మకు ఈశ్వరి కన్నా ముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. ఆ ఇద్దరికీ పేర్లు పెట్టే వేళ కూడా రాలేదు. అందువల్ల ఆవిడ ఎవరు గుమ్మం దాటుతున్నా "ఎల్లొత్తాను అను, ఎల్తాను అనకు" అని వెంటపడేది. బస్సు కండక్టరుతో కూడా అనిపించేది.

గాజుపలక మీద ముందుమనిషి లేచాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకున్నాడు.

"వచ్చెత్తన్నాదమ్మా" అన్నాడు. "పొలిమేర దాటీసినాది. ఇంకా ఇంట్లోకి రానేదు. ఇప్పుడైతే అడ్డుకోవచ్చు."

అప్పలనరసమ్మ వాడి మీదికి చెయ్యెత్తింది. "ఓరి నీ నోరు పడిపోనూ! పురిటి గుంట మీద అలాటి మాటలాడొచ్చేటిరా? బొట్టంత నేవు, నీకెవులు సెప్పినారు?"

"నాకెవులు సెప్తారమ్మా, నాను లోపల్నించే వొచ్చినాను కదా" అన్నాడు వాడు.

సుభాషిణి ఈశ్వరి మంచం మీద కూర్చుంది. "చూడమ్మా ఈశ్వరీ, ఒక్క మాట అను. నా బిడ్డకు జబ్బు ఉంది, అంతే. సువార్త ఉంది, నేనున్నాను, సాక్షులం సరిపోతాం. వెంటనే సూది వేసేస్తాను."

ఈశ్వరి బిడ్డ వైపు చూసింది. బిడ్డ పాలు తాగడం ఆపి, నోరు చప్పరించి, మళ్ళీ తాగింది.

"సుబ్బరంగా తాగతన్నాది కదమ్మా."

"ఇప్పుడు తాగుతుంది. తాగడం మానేశాక నువ్వు చెప్పక్కర్లేదు, ఆ అగ్గిపెట్టె ఆయనే వచ్చి చెప్తాడు. అప్పటికి నా చేతిలో ఏం ఉంటుందో నాకు తెలియదు."

ఈశ్వరి నోరు తెరిచింది. అప్పలనరసమ్మ అరచేత్తో ఆ నోరు మూసింది.

"అనొద్దు తల్లీ. నీ కడుపున పుట్టిన దాని మీద నీ నోటితో అనొద్దు. తల్లి మాట తగిలినట్టు ఇంకేటీ తగల్దు."

"పోనీ మీరనండి" అంది సుభాషిణి.

"నానా? సచ్చినా అనను."

పలక మీద ముందుమనిషి మోకాళ్ళ దాకా ఇంకిపోయాడు. ఎవరైనా వింటారేమోనని మనిషి మనిషి వైపూ చూస్తున్నాడు. అప్పలనరసమ్మ కూడా వాడినే చూస్తోంది. వాడిని తిట్టిందే గానీ, వాడు అబద్ధం ఆడుతున్నాడని ఆవిడ ఒక్కసారీ అనలేదని సువార్త గమనించింది. ముసలావిడ బిడ్డ పాదాన్ని పట్టుకుంటోంది, వదిలేస్తోంది.

అప్పుడే వార్డు ఊడ్చే పైడమ్మ చీపురుతో లోపలికి వచ్చింది. నోట్లో అడ్డచుట్ట ఉంది. ఆసుపత్రి గనక వెలిగించలేదు. చంకలో సంచి ఉంది, అందులో ఆవిడ పెయ్యదూడకు కొన్న తవుడుంది.

"కాళ్ళెత్తండమ్మా, కాళ్ళు. ఏటి పెద్దమ్మా, ఆ గుంటనలా సూస్తన్నావు, అమ్మెత్తావేటి?"

పైడమ్మ వేళాకోళానికే అంది. అప్పలనరసమ్మ మాత్రం ఉలిక్కిపడి ఆ తవుడు సంచి వైపు చూసింది.

ఆ ప్రాంతంలో పుట్టిన పిల్లలు నిలవని ఇంట్లో, తర్వాత పుట్టిన బిడ్డను గుప్పెడు తవుడుకు పరాయి మనిషికి అమ్ముతారు. ఆ ఇంటి పిల్లల కోసం వచ్చే చావు, ఇది ఈ ఇంటి పిల్ల కాదనుకుని తిరిగి వెళ్ళిపోతుంది. కొన్న మనిషి ఆ బిడ్డను మళ్ళీ తల్లి ఒళ్ళోనే పడేసి, "నా గుంటని పెంచు" అంటుంది. అంతా ఒక్క నిమిషం పని. ఈశ్వరిని కూడా అలాగే పక్కింటావిడకు అమ్మారు. ఇప్పటికీ వీధిలో పెద్దవాళ్ళు ఆమెను తవిటీ అనే పిలుస్తారు.

"అమ్మెత్తాను" అంది అప్పలనరసమ్మ.

"అమ్మా!" అంది ఈశ్వరి.

"ఊరుకోయే. నిన్నూ అమ్మినాను, బతికినావు కాదేటి?"

"బతికినాను గానీ, పక్కింటామె ఇప్పటికీ నన్ను కొనుక్కున్నానని బియ్యం సెరిగించుకుంటాది."

"సెరిగితే సెరిగినావు. పైడీ, ఇలారా. కొంటావా, కొనవా?"

పైడమ్మ చీపురు గోడకు ఆనించింది. అలాంటి వాటిలో ఆవిడకు అనుభవం ఉంది. "నాకు ముగ్గురూ మగ గుంటలే, ఆడగుంట నేదు. ఇయ్యి మరి" అని సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తవుడు తీసి అప్పలనరసమ్మ కొంగులో పోసింది. అప్పలనరసమ్మ బిడ్డను ఈశ్వరి ఒళ్ళోంచి తీసి, కళ్ళు మూసుకుని, పైడమ్మ చేతుల్లో పెట్టింది. "ఇయ్యాల్టి నుంచి ఇది నీ గుంట. నాకూ దీనికీ ఏటీ నేదు."

పైడమ్మ అలవాటు ప్రకారం బిడ్డను తిరిగి ఇవ్వబోయింది. సుభాషిణి మధ్యలో నిలబడింది.

"ఆగు. బిడ్డ ఎవరిది?"

"పైడిదే" అంది అప్పలనరసమ్మ. కాదంటే, రాబోయే చావు గుమ్మంలోనే ఉండి వింటుందని ఆవిడ భయం.

"పైడమ్మా, అయితే నువ్వు చెప్పు. నీ బిడ్డకు జబ్బు ఉందా?"

పైడమ్మ పలక మీద నడుము దాకా ఇంకిపోయిన మనిషిని చూసింది. వాడు రెండు చేతులూ జోడించాడు.

"ఎందుకుండదమ్మా, ఉన్నాది! నా గుంటకి జబ్బు ఉన్నాది. జొరం ఉన్నాది, వాంతులున్నాయి, పచ్చకామెర్లున్నాయి. ఇంకా ఏటి కావాలంటే అది రాసుకో. ఏగిరం సూదెయ్యి, నాను ఇంకా రెండు వార్డులూడ్వాలి."

మందుల స్టోరు తాళం సూపరింటెండెంటు గారి దగ్గర ఉంటుంది. పట్నాయక్ గారు స్వయంగా వచ్చారు. ఆయన దురుసు మనిషి కాదు. ఆయన ఎవరి మాటా కొట్టిపారేసేవారు కాదు, నియమం ఉంటే చాలు.

"అమ్మకం జరిగిందా?"

"జరిగింది సార్" అంది సువార్త.

"తవుడు ఏ తవుడు?"

"వరి తవుడే బాబూ" అంది పైడమ్మ.

"ఎంత?"

"గుప్పెడు."

"ఎవరి గుప్పెడు? ఇచ్చినావిడదా, పుచ్చుకున్నావిడదా?"

"నా గుప్పెడే బాబూ. పెద్ద గుప్పెడు, సూడండి." పైడమ్మ చెయ్యి చాపింది. ఆయన పరిశీలించి, తృప్తిపడి, తాళం ఇచ్చారు. బిడ్డ చేతికున్న పట్టీ మీద "ఈశ్వరి బిడ్డ" కొట్టేసి "పైడమ్మ బిడ్డ" అని రాశారు. సుభాషిణి సూది వేసింది. బిడ్డ వార్డు ఎగిరిపోయేలా ఏడ్చింది. గాజుపలక మీద ముందుమనిషి మెడ దాకా ఇంకిపోయి, తన మాట ఎవరైనా వినడం జీవితంలో మొదటిసారి చూసినవాడిలా అటూ ఇటూ తలాడించి, మాయమయ్యాడు.

ఈశ్వరి బిడ్డకు జ్వరం రాలేదు. ఒళ్ళు చల్లబడలేదు. పాలు మానలేదు. ఆ వారంలోనే పక్క మంచం మీది బిడ్డ రక్తంలో కూడా ముందుమనిషి లేచాడు. ఆ తల్లి దిష్టి తీయించింది, మాట మాత్రం అనలేదు. వాళ్ళ దగ్గరికి వెనకమనిషి వచ్చాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ అందరూ లేచి నిలబడ్డారు. తర్వాత ఆ మంచం మీద దుప్పటి మార్చారు. అప్పలనరసమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. అటు చూడకుండా ఉండటానికి మంచం వైపు వీపు పెట్టి కూర్చుంది.

సూదులు పూర్తయ్యాక పైడమ్మ బిడ్డను ఎత్తుకుని పట్నాయక్ గారి గదికి వెళ్ళింది. వెనకాలే ఈశ్వరి, అప్పలనరసమ్మ.

"బాబూ, నా గుంటని వీళ్ళకి ఇచ్చెత్తన్నాను. మామూలుగా అదే నిమిషంలో ఇచ్చెయ్యాల. మీరు పట్టీ మార్చీసినారు గావున ఆగినాను."

పట్నాయక్ గారు ముగ్గురికీ కుర్చీలు చూపించారు. "ఇవ్వచ్చమ్మా, తప్పకుండా ఇవ్వచ్చు. బిడ్డ జబ్బు నయమైందని తేలగానే ఇవ్వచ్చు. జబ్బు నడుస్తుండగా సొంతదారు మారితే, సొంతదారు అన్న మాట చెల్లదు. మాట చెల్లకపోతే మందు చెల్లదు. వేసిన మందు వెనక్కి తీసుకోవాలి. అది బిడ్డ ఒంట్లో ఉంది."

"నయమైపోనాది కదా బాబూ, సూడండి ఎలా గుర్రుపెడతన్నాదో" అంది అప్పలనరసమ్మ.

"నాకు కనపడుతుంది. కానీ నేను చెప్తే చెల్లదు. జబ్బు తగ్గిందని వెనకమనిషి చెప్పాలి. ఆయన ఒక్కరికే ఆ అధికారం ఉంది."

బిడ్డ మడమకు సూది గుచ్చారు. రక్తపు బొట్టు పలక మీద మెరుస్తూ ఉంది. అగ్గిపెట్టె సిద్ధంగా పెట్టారు. ఎవరూ లేవలేదు.

"ఆయన రారు" అంది సుభాషిణి. "జబ్బు పడితే కదా వస్తారు. పడకముందే ఆపేశాం."

"అదే నేనూ అనేది" అన్నారు పట్నాయక్ గారు. "రాని జబ్బు తగ్గిందని ఆయన ఎలా చెప్తారు పాపం? అబద్ధం ఆడే మనిషి కాదు."

మర్నాడు మళ్ళీ గుచ్చారు. ఆ మర్నాడు రెండో మడమ గుచ్చారు. ఆ తర్వాత ఈశ్వరి బిడ్డ రెండు పాదాలనూ గుప్పిట్లో దాచుకుని, "సాలు బాబూ. నాకు ఇయ్యకపోతే ఇయ్యకండి, దాన్ని ఇంక పొడవకండి" అంది.

బిడ్డ పైడమ్మతో ఇంటికి వెళ్ళింది. పైడమ్మ ఇల్లు ఆసుపత్రి వెనక వీధిలో, రేకుల పాక. ఈశ్వరి ఆ ఇంట్లో పాలిచ్చే మనిషిగా చేరింది. అప్పలనరసమ్మ ఎదురు వరుసలో ఒక గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే వచ్చి బిడ్డకు నూనె రాసి, కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, తన పని అయిపోయిన మనిషిలా చేతులు తుడుచుకుని వెళ్ళేది. సింహాద్రి వెరావల్ నుంచి వచ్చాడు. అత్తగారు చెప్పినదంతా విన్నాడు. సముద్రంలో చాలాకాలం ఉండి వచ్చినవాళ్ళకు ఒడ్డు మీది సంగతులు ఏవైనా సాధ్యమే అనిపిస్తాయి.

"అయితే ఇది మన గుంట కాదేటి?"

"గట్టిగా అనకు. పైడిది" అంది అప్పలనరసమ్మ.

అతను బిడ్డ కోసం తెచ్చిన గౌనును పైడమ్మ చేతికిచ్చి, చుట్టపుచూపుకి వచ్చినవాడిలా గుమ్మం దగ్గర కూర్చున్నాడు. పైడమ్మ టీ ఇచ్చింది. "పంచదార సరిపోనాదా బావూ?" అని అడిగింది. సరిపోయిందని అతను చెప్పాడు. వెళ్ళేటప్పుడు కూతుర్ని చూడనిచ్చినందుకు ఆవిడకు దణ్ణం పెట్టాడు.

ఈ సంగతి జిల్లా అంతా పాకింది. దీపావళి నాటికి కాన్పుకు వచ్చేవాళ్ళు పాత బట్టలతో పాటు తవుడు కూడా తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఒక మంచం మీది తల్లి పక్క మంచం మీది బిడ్డను కొనేది, ఆ పక్క మంచం తల్లి ఈమె బిడ్డను కొనేది. సొంత బిడ్డ విషయంలో పెగలని నోళ్ళు కొన్న బిడ్డ విషయంలో ధారాళంగా పలికాయి. పక్కింటి పిల్లకు ఏ జబ్బు ఉందో చెప్పడానికి ఎవరికీ మొహమాటం ఉండదు గదా. ముందుమనిషి వచ్చి నోరు తెరవకముందే "ఉన్నాది, ఉన్నాది" అనేవారు. సూదిమందు సమయానికి పడింది. పిల్లలు బతికారు. మంచాల మీద దుప్పట్లు అంత తరచుగా మార్చనక్కర్లేకపోయింది. పట్నాయక్ గారికి అవార్డు వచ్చింది. ప్రమాణ గుప్పెడు ఎంతో నిర్ణయిస్తూ పైనుంచి ఒక చెక్క కొలత వచ్చింది. ఆ జిల్లాలో ఆ ఏడు పుట్టిన పిల్లల్లో తల్లి దగ్గర ఉన్నవాళ్ళు తక్కువ, బతికున్నవాళ్ళు ఎక్కువ. తిరిగి తీసుకునే దారి కోసం అందరూ అర్జీలు పెట్టారు. పెట్టడానికి వచ్చినవాళ్ళు వరండాలో ఒకరి పిల్లల్ని ఒకరికి చూపించుకుని, కన్న పిల్లలకు పాలిచ్చి, సాయంత్రం బస్సుకు ఎవరు కొన్న పిల్లను వాళ్ళు ఎత్తుకుని వెళ్ళేవారు.

చలి మొదలైనప్పుడు పట్నాయక్ గారు అప్పలనరసమ్మను పిలిపించారు. ఆయన నిజంగానే ఆవిడ కోసం బాధపడుతున్నారు.

"అమ్మా, నేను అన్నీ చదివాను. ఒక దారి ఉంది. బిడ్డకు ఒక్కసారి జబ్బు చేస్తే చాలు. మరీ పెద్దది అక్కర్లేదు, వెనకమనిషి లేచి వచ్చేంత. ఆయన వస్తారు, ఉందంటారు. మందు వేస్తాం. తగ్గాక తగ్గిందంటారు. ఆ రోజే పట్టీ మార్చి బిడ్డను మీ చేతిలో పెడతాను." కిటికీలోంచి బయట మంచు చూశారు. "చలికాలం కదా, ఎంతసేపమ్మా. మీరు ఆశ వదులుకోకండి."

"తగ్గకపోతే?" అంది అప్పలనరసమ్మ.

"తగ్గకపోయినా మీకే ఇస్తాం" అన్నారాయన. "అప్పుడు ఏ అభ్యంతరమూ ఉండదు."

అప్పలనరసమ్మ లేచి, "ఎల్లొత్తాను బాబూ" అని చెప్పి వచ్చేసింది.

పైడమ్మ ఇంటికి వారానికోసారి సువార్త వచ్చి బిడ్డ ఎలా ఉందో అడిగి పోవాలని నియమం. ఆ సోమవారం ఆమె వచ్చేసరికి అప్పలనరసమ్మ నీళ్ళు పోయడం ముగించి బిడ్డను తుడుస్తోంది. ఈశ్వరి పక్కనే పొడి గుడ్డ పట్టుకుని నిలబడింది. సువార్త గుమ్మంలో కాలు పెట్టిందో లేదో బిడ్డ తుమ్మింది. ముక్కు చివర ఒక బొట్టు నిలిచింది.

పైడమ్మ పొయ్యి దగ్గర నుంచి తలెత్తింది. సువార్త ఆ బొట్టు వైపు, తర్వాత ఈశ్వరి వైపు చూసింది.

"జలుబేమైనా ఉందా అమ్మా? ఉంటే చెప్పండి, తీసుకెళ్ళి చూపిద్దాం" అంది మెల్లిగా.

పట్నాయక్ గారు చెప్పిన దారి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఈశ్వరి పెదవులు కదిలాయి. చేతిలోని గుడ్డను మెలిపెట్టింది. బిడ్డ ఆమె గొంతు కోసం అటు తిరిగి, పళ్ళు లేని నోటితో నవ్వింది. ఈశ్వరి తల్లి వైపు చూసింది. ఈసారి తన నోరు మూయడానికి తల్లి చెయ్యి రాలేదు.

"ఏటీ నేదమ్మా" అంది ఈశ్వరి. "నీళ్ళు ముక్కులోకి పోనాయి, అందుకే."

అప్పలనరసమ్మ కొంగుతో బిడ్డ ముక్కు తుడిచింది. చెయ్యి వెనక్కి తిప్పి ముందు నుదురు చూసింది, తర్వాత పొట్ట, తర్వాత అరికాళ్ళు. వెచ్చగా, మామూలుగా ఉన్నాయి. మళ్ళీ ఒకసారి చూసింది. అప్పుడు గౌను తొడిగి, బొగ్గుతో బుగ్గన చుక్క పెట్టి, బిడ్డను ఎత్తి చూపించింది.

"పైడీ, నీ గుంట సుబ్బరంగా ఉన్నాది. తీసుకో."

ఆ మాట వీధికి వినపడేలా అంది. పైడమ్మ చేతులు తుడుచుకుని వచ్చి బిడ్డను అందుకుంది. సువార్త తలూపి, పక్కింటికి వెళ్ళింది. ఆ ఇంట్లో కూడా ఎవరి దగ్గరో కొన్న పిల్ల ఉంది.

అప్పలనరసమ్మ వీధి దాటి తన గది అరుగు మీద కూర్చుంది. అక్కడి నుంచి పైడమ్మ గుమ్మం, గుమ్మంలో ఊగుతున్న ఉయ్యాల తాడు కనపడతాయి. ఆవిడ ఎరిగిన ఎడబాట్లలో, కేక వేస్తే వినపడేంత దూరంలో ఉన్నది ఇదొక్కటే. కేక వెయ్యాల్సిన అవసరం మాత్రం ఆ రోజు రాలేదు. ఆవిడ మధ్యాహ్నం కడుపు నిండా తిని, గోడకు ఆనుకుని, ఎదుటివాళ్ళ పిల్ల ఏడుపు వింటూ నిద్రపోయింది.